రోజంతా మిషను మీదే ఉంటున్నా, చెప్పిన రోజుకి జాకెట్టు ఇవ్వలేకపోతున్నా. ఏటి చెయ్యాలి?

సూదీదారం (విజయనగరం)
సెప్టెంబరు 8, రాత్రి 11:50

అందరికీ నమస్కారం. ఇక్కడ ఉద్యోగాల గురించీ పిల్లల చదువుల గురించీ అడుగుతారు గానీ నాలాంటి వాళ్ల గొడవ ఎవరూ అడిగినట్టు కనపడలేదు. అందుకని నేనే అడుగుతున్నా.

మాది అయ్యకోనేరు వైపు. ఇంట్లోనే ముందు గదిలో మిషను వేసుకుని జాకెట్లు కుడతాను. తొమ్మిదేళ్లయింది. కుట్టుకి పేరుంది. చంక దగ్గర ముడత రాదు, భుజం జారదు అని కంటోన్మెంటు నుంచి కూడా వెతుక్కుంటూ వస్తారు. పేరు పోతున్నది ఒక్కచోటే. చెప్పిన రోజుకి ఇవ్వను. ఇవ్వకూడదని కాదు, ఇవ్వలేను.

శ్రావణంలో ఒక నిశ్చితార్థం జాకెట్టు ఉంది. ముదురాకుపచ్చ పట్టు, చేతులకి మగ్గం వర్కు. "శుక్రవారం ఉదయం ఇచ్చేస్తానండీ" అన్నాను. శుక్రవారం పదకొండింటికి వాళ్ల నాన్నగారు బండి మీద వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నేనింకా హుక్సు వేస్తున్నా. ఎడమ చెయ్యికి హెమ్మింగు లేదు. ఆయన గడియారం చూసుకుంటుంటే నా వేళ్లు వణికి సూది గుచ్చుకుంది. ఆఖరికి రెండు పిన్నీసులు పెట్టి ఇచ్చేశాను. ఆ పిల్ల ఫోటోల్లో చెయ్యి మడత కింద ఆ పిన్నీసు నాకు ఒక్కదానికే కనపడతాది. వాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బావుణ్ణు అనిపించింది.

నిన్న ఆదివారం నా రోజు ఎలా గడిచిందో రాస్తాను, తప్పెక్కడో మీరే చెప్పండి. అయిదున్నరకి కుళాయి వస్తాది, నీళ్లు పట్టాను. టిఫిను, అత్తమ్మకి సుగరు మాత్ర, ఆయనకి క్యారేజీ (ఆర్టీసీ బస్టాండు కాంప్లెక్సు దగ్గర ఆటో నడుపుతారు, ఆదివారం కూడా వెళ్తారు), గిన్నెలు, బట్టలు. మిషను ముందు కూచునేసరికి పదీ పది. పావుగంటకి ఒకావిడ కొలత జాకెట్టుతో వచ్చింది. ఆవిడ వెళ్లేసరికి పదకొండు. తర్వాత ఫోను: "అయిందా?" ఇంకో ఫోను: "అయిందా?" మూడో ఆవిడ వాట్సాప్‌లో తొమ్మిది మెడ డిజైన్లు పంపి "ఇందులో ఏది బావుంటాది?" అంది. మధ్యాహ్నం వంట. మూడింటికి ఒక పాత జాకెట్టు లూజు చెయ్యమని పక్కింటి వదిన తెచ్చింది. "అయిదు నిమిషాల పనే కదా" అంది. విప్పితే లోపల కుట్టు వదిలిన గుడ్డే లేదు. అయిదు నిమిషాలు కాస్తా ముప్పావుగంట. రాత్రి గ్రహణమని వంట తొందరగా ముగించి, తినేసి, మళ్లీ కూచున్నాను. రాత్రి పదకొండింటికి లెక్క చూసుకుంటే పూర్తయినది ఒకటి. సగం కుట్టినవి నాలుగు.

ఏమేం చేసి చూశానంటే: ఫోనులో పనులు గుర్తుచేసే యాప్ ఒకటి వేసుకున్నా. అది మోగుతాది, నేను కట్టేస్తాను. తెల్లారి నాలుగింటికి లేచాను, మూడు రోజులు. నాలుగో రోజు మధ్యాహ్నం మిషను మీదే కునుకు పట్టి జాకెట్టు కుడి వైపుకి ఎడమ చెయ్యి కుట్టేశాను.

ఇప్పుడు సంచుల్లో 31 జాకెట్లున్నాయి. అక్టోబరు 2 దసరా, 7వ తేదీ మంగళవారం మా పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ. మా ఊళ్లో కుట్టించుకున్నవాళ్లందరికీ ఆ రెండిట్లో ఏదో ఒకదానికే కావాలి. మా పాప ఆరో తరగతి. "అమ్మా, నీ రేపు ఎప్పుడొస్తాది?" అని అడుగుతోంది. నవ్వులాటకే అంటోంది గానీ నాకు నవ్వు రావట్లేదు.


గ్రూప్స్ గుంటడు (శ్రీకాకుళం)
సెప్టెంబరు 9, ఉదయం 6:20

అక్కా, పొమొడోరో పద్ధతి ప్రయత్నించండి. ఇటలీలో ఫ్రాంచెస్కో సిరిల్లో అనే ఆయన 1980ల చివర్లో చదువుకునే రోజుల్లో మొదలుపెట్టాడు. టమాటా ఆకారంలో ఉండే వంటింటి గడియారం వాడాడట, అందుకే ఆ పేరు. 25 నిమిషాలు ఒకే పని, తర్వాత 5 నిమిషాలు విరామం. అలా నాలుగు అయ్యాక కాస్త పెద్ద విరామం. నేను లైబ్రరీలో ఇలాగే చదువుతున్నా. ఫోను మాత్రం సైలెంట్‌లో పెట్టి సంచిలో వేసెయ్యాలి. ఎదురుగా ఉంటే ఏ పద్ధతీ పనిచెయ్యదు.


పచ్చజెండా (ఆమదాలవలస)
సెప్టెంబరు 9, ఉదయం 9:05

అమ్మా, నేను రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాను. 2022 నుంచి ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. మా కాలానికి గార్డే. కుట్టుపని గురించి నాకేమీ తెలీదు. ఆలస్యం గురించి మాత్రం బాగా తెలుసు.

బండి నడిపేది డ్రైవరు. ఏ స్టేషనుకి ఎన్నింటికి వచ్చాం, ఎన్నింటికి కదిలాం, ఎన్ని నిమిషాలు పోయాయి, దేనివల్ల పోయాయి అని రాసుకోవడం నా పని. సిగ్నలు దగ్గర ఆగితే అది రాస్తాం. పార్సిలు దించడం లేటయితే అది రాస్తాం. "ఇవాళ బండి లేటు" అని ఊరికే రాస్తే పైవాడు ఊరుకోడు. మీరు రాసింది చూస్తే మీకు పోయిన టైము తెలుసు, ఎక్కడ ఎన్ని నిమిషాలు పోయిందో తెలీదు. ఒక నాలుగు రోజులు, ఏమీ మార్చకుండా, కాగితం మీద రాయండి. కూచున్న టైము, లేచిన టైము, లేపినవాళ్లు ఎవరు.

రెండోది. మాకు స్టేషనుకీ స్టేషనుకీ మధ్య ఉండే లైనుని బ్లాక్ సెక్షన్ అంటారు. ముందు బండి అవతల చేరిందని అక్కడి మాస్టరు చెప్తేనే ఇవతల రెండో బండికి లైను ఇస్తారు. (ఆటోమేటిక్ సిగ్నళ్లున్న చోట లెక్క వేరు, అది వదిలెయ్యండి.) నువ్వు నాలుగు జాకెట్లు ఒకేసారి లైను మీదికి వదిలావు తల్లీ. ఏదీ స్టేషను చేరలేదు.

మూడోది కూడా చెప్పేస్తాను. టైంటేబుల్ చూసినప్పుడు మీకెప్పుడైనా అనుమానం వచ్చిందా? ఆఖరి స్టేషను ముందు కాస్త దూరానికే బోలెడు టైం చూపిస్తారు. సింహాచలం దాటాక విశాఖ ఎంత దూరం? అయినా చాలా బళ్లకి ఆ ముక్కకి ఇచ్చే టైం ఎక్కువే. దాన్ని రికవరీ టైం అంటాం. దారిలో పోయిన నిమిషాలు అక్కడ కలిసొస్తాయి. బండి అనుకున్నట్టు నడుస్తుందని నమ్మి టైంటేబుల్ వేసినవాడు ఎవడూ లేడు.


మిషనప్ప (పార్వతీపురం)
సెప్టెంబరు 9, మధ్యాహ్నం 2:40

చెల్లెమ్మా, నీది చదువుతుంటే నా కథ ఎవరో రాసినట్టుంది. నాకు మిషను పట్టి ఇరవై రెండేళ్లు. మొదటి పదేళ్లు నీలాగే బతికాను. మా వీధిలో నన్ను "రేపు రా" అనే పిలిచేవారు.

ఒక్కటి అడుగుతాను, తడుముకోకుండా చెప్పు. లైనింగు జాకెట్టు ఒకటి, కత్తెర పెట్టిన దగ్గర్నుంచి ఇస్త్రీ దాకా, నీ చేతికి ఎన్ని నిమిషాలు? తెలీదు కదా. నాకూ తెలిసేది కాదు. ఎవరైనా అడిగితే "గంట" అనేదాన్ని. గడియారం పెట్టుకుని చూస్తే రెండు గంటలు దాటింది. గంట అనుకుని రోజుకి ఆరు ఒప్పుకునేదాన్ని. మరి అబద్ధాలకోరు అవ్వక ఏమవుతాను? గార్డుగారు చెప్పినట్టు రాసుకో, దాంతోపాటు కటింగుకి ఎంత, కుట్టుకి ఎంత, చేతిపనికి ఎంత అని విడగొట్టి రాసుకో.

తర్వాత ఒక నోటుబుక్కు కొను. పేజీకి ఒక తేదీ. నీ లెక్కలో రోజుకి ఎన్ని అవుతాయో అన్ని గీతలే గియ్యి. రెండు లైనింగువైతే రెండు గీతలు. ఎవరొచ్చినా ఆ పుస్తకం వాళ్లెదురుగా తియ్యి. గీతలు నిండిపోతే తర్వాతి పేజీ. నోటితో "కుదరదమ్మా" అంటే బతిమాలతారు, అలుగుతారు. పుస్తకంలో ఖాళీ లేదని కళ్లతో చూస్తే సగం మంది గొడవ పడరు. మిగతా సగం పడతారు, పడనీ. వారానికి ఒక పేజీ ఖాళీగా వదులు. అదే గార్డుగారి రికవరీ టైం. నేను గురువారం వదులుతాను. కరెంటు పోయినా, పిల్లకి జ్వరమొచ్చినా ఆ రోజు తింటాది.

"రేపు" అనే మాట నీ నోట రాకూడదు. వారం పేరు చెప్పు, పూట చెప్పు. "బుధవారం సాయంత్రం నాలుగు తర్వాత". ఆ బుధవారం కూడా నీ పుస్తకంలో సోమవారానికే అయిపోయి ఉండాలి.

పనిలో పని, మిషను ముందు నాకు కలిసొచ్చినవి చెప్తాను. లైనింగు గుడ్డలు వచ్చినరోజు వచ్చినట్టే రాత్రి నీళ్లలో పడేసి పొద్దున్న ఆరేస్తాను. కాటను లైనింగు తడపకుండా కుడితే మొదటి ఉతుకుకే లోపల ముడుచుకుపోయి జాకెట్టు మళ్లీ మన గుమ్మానికొస్తాది. కుట్టబోయే రోజు పొద్దున్న తడిపితే అది ఆరేదాకా చేతులు కట్టుకు కూచోవాలి. కటింగు అంతా వారానికి రెండుసార్లు, తెల్లారినాక మంచి వెలుతురులో, ఒక్కో విడతకి ఆరు జాకెట్లవి కలిపి. కత్తెర చేతిలో ఉండగానే ముక్కలన్నీ చుట్టి, కొలత జాకెట్టుతో కలిపి, హుక్సూ పైపింగు గుడ్డా అందులోనే వేసి ముడి వేసెయ్యాలి. చీటీ పిన్ను చెయ్యాలి. కుట్టేటప్పుడు లేచి వెతికే పని ఉండకూడదు. మన టైం సగం వెతుకులాటకే పోతాది, నమ్ము. కుట్టేది మాత్రం దారం రంగు చూసి వరస పెట్టుకో. ఎరుపూ మెరూనూ ఒక పూట, పచ్చలు ఒక పూట. బాబిన్లు పది కొని అన్ని రంగులూ ఆదివారం రాత్రి చుట్టి పెట్టుకో. ఒక్కో జాకెట్టుకీ దారం మార్చి, బాబిన్ చుట్టి, షటిల్‌లో పెట్టి, టెన్షను సరిచూసి... అదంతా ఎవరి లెక్కలోనూ ఉండదు.

హుక్సూ కాజాలూ నువ్వే వేస్తున్నావా ఇంకా? మానెయ్యి. మీ వీధిలో ఇంటిపట్టున ఉండే ఆడపిల్ల ఎవరో ఒకరు ఉంటారు. జాకెట్టుకి ఇంత అని ఇచ్చెయ్యి. నేను పాతిక రూపాయలిస్తాను.

పాత జాకెట్ల లూజూ టైటూ పని వారంలో ఒక్క పూటే తీసుకో. "అయిదు నిమిషాల పనే కదా" అన్నవాళ్లకి సంచి తగిలించే మేకు చూపించు. శనివారం దాకా అక్కడే ఉంటాదని చెప్పు.

ఆఖరిది, పంచాంగం. నవ్వకు. ఉగాదికి కొన్నరోజే ముహూర్తాలున్న నెలలకి ఎర్ర టిక్కు పెట్టుకుంటాను. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లుండవు, చేతులు ఖాళీ. అప్పుడే మిషను సర్వీసుకిస్తాను, పాత బాకీ జాకెట్లు దులుపుతాను. శ్రావణం వచ్చాక మిషను ఆగిపోయిందని ఏడిస్తే వినేవాడుండడు.


కర్రీపాయింట్ బాబాయ్ (శ్రీకాకుళం)
సెప్టెంబరు 9, రాత్రి 10:15

ఇన్ని లెక్కలెందుకమ్మా. రేటు పెంచు. పదిమందిలో ముగ్గురు పోతారు. టైం దానంతటదే మిగుల్తాది. నేను సాంబారు మీద అయిదు రూపాయలు పెంచినప్పుడు అలాగే అయింది.


సూదీదారం (విజయనగరం)
సెప్టెంబరు 14, రాత్రి 10:30

అందరికీ పేరుపేరునా దణ్ణాలు. నాలుగు రోజులు రాశాను. పాప పాత లెక్కల పుస్తకం వెనక పేజీల్లో. చెప్పడానికి సిగ్గేస్తోంది.

పద్నాలుగు గంటలు మిషను మీదే ఉంటున్నానని అనుకునేదాన్ని కదా. మిషను మీద నిజంగా ఉన్నది సగటున రోజుకి అయిదు గంటల పది నిమిషాలు. మిగతాదంతా మిషను ఉన్న గదిలో ఉండటం.

మిషనప్పా, మీరడిగినది కూడా చూశాను. లైనింగు జాకెట్టు: కటింగు 22 నిమిషాలు, కుట్టు గంటా ఇరవై అయిదు, హుక్సూ హెమ్మింగూ 25. మొత్తం రెండు గంటల పన్నెండు. లైనింగు లేనిది గంటన్నర. సంచుల్లో ఉన్న 31లో ఇరవై లైనింగువి, పదకొండు మామూలువి. మా పాప గుణించి అరవై గంటల చిల్లర అని చెప్పింది. రోజుకి అయిదు గంటలంటే పన్నెండు రోజులు. నేను వాళ్లందరికీ వారంలో ఇచ్చేస్తానని చెప్పాను. అంటే ఆలస్యం మిషను మీద జరగలేదు, గుమ్మం దగ్గర తేదీ చెప్పినప్పుడే జరిగిపోయింది.

ఎవరు లేపారు అన్న కాలమ్‌లో మొదటి స్థానం అత్తమ్మకి వస్తాదనుకున్నాను. కాదు. "అయిందా" ఫోన్లు. నాలుగు రోజుల్లో 43. ఒక్కోటి రెండు నిమిషాలే, కానీ ఫోను పెట్టాక ఎక్కడ ఆపానో చూసుకుని, కుట్టు విప్పి మళ్లీ మొదలుపెట్టడానికి ఇంకో రెండు మూడు. రెండో స్థానం నా వెతుకులాట. కత్తెర నా ఒళ్లోనే ఉండగా ఇల్లంతా వెతికాను, అది కూడా రాశాను.

తమ్ముడూ, నీ టమాటా పద్ధతి కూడా చూశాను, కోప్పడకు. 25 నిమిషాలకి మోగేసరికి నేను చెయ్యి జాయింటు మధ్యలో ఉన్నా. అక్కడ ఆపితే గుడ్డ జరిగిపోతాది. చదువులో పేజీ మూసినట్టు కుట్టు మూసెయ్యలేం. కానీ ఫోను సంచిలో వెయ్యడం అనేది మాత్రం బంగారం లాంటి మాట. ఇప్పుడది బియ్యం డబ్బా మీద ఉంటోంది. పన్నెండింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి తీస్తాను.

బాబాయ్, రేటు పెంచే ధైర్యం లేదు. మా వీధి మొదట్లో ఇంకొకావిడ ఉంది, నాకంటే ముప్పై రూపాయలు తక్కువకి కుడతాది.

అప్పా, ఒక్క దగ్గర మీతో పడట్లేదు. ఖాళీ లేదంటే వాళ్లు మళ్లీ రారేమోనని భయం. నా దగ్గరికొచ్చే వాళ్లు కుట్టు కోసమే రారు. కాసేపు కూచుంటారు, కోడలి మాటో మొగుడి మాటో చెప్పుకుంటారు. అది కట్ చేసేస్తే నేను రెడీమేడ్ షాపుకీ నాకూ తేడా ఏటి?


అరసవల్లి టీచరమ్మ
సెప్టెంబరు 15, ఉదయం 5:40

అమ్మాయ్, రెండు రోజులుగా చదువుతున్నాను, అడగక తప్పట్లేదు. నీ లెక్కలో అయిదున్నర నుంచి పదింటి దాకా నాలుగున్నర గంటలు మిషను ముందే కూచోలేదు. దాని గురించి ఇక్కడ ఒక్కరూ మాట్లాడలేదేం? ఆటో నడిపేవాడు నీళ్లు పట్టలేడా? ఆరో తరగతి పిల్ల తన క్యారేజీ తను సర్దుకోలేదా? మీ అత్తగారికి మోకాళ్లు నొప్పేమో గానీ చేతులు బాగానే ఉన్నాయి కదా? కూచుని హుక్సు వెయ్యగలరేమో అడిగి చూశావా? బయటి పిల్లకి ఇచ్చే పాతిక ఆవిడ చేతిలో పడితే ఎంత గొప్పగా ఉంటుందో ఆలోచించు. నేను ముప్పై ఏళ్లు బడికి వెళ్లి వచ్చి వంట చేశాను. అది గొప్ప అనుకున్నాను. ఇప్పుడు అనుకోవట్లేదు.

ఇంకోటి. కటింగు వెలుతురులో చెయ్యమని పార్వతీపురం ఆవిడ చెప్పింది సరైన మాట. దానికి భూగోళం కూడా సాక్ష్యం. మన దేశం గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం మీద నడుస్తుంది. శ్రీకాకుళం దాదాపు 84 మీద ఉంది. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన మన సూర్యుడు గడియారం కంటే సగటున అయిదారు నిమిషాలు ముందు. అనంతపురం వాళ్లతో పోలిస్తే పాతిక నిమిషాలు ముందు. మీ విజయనగరం కూడా ఇంచుమించు అంతే. అందుకే మనకి తెల్లారడం తొందర, చీకటి పడటమూ తొందరే. దసరా దాటితే ఆరు కొట్టకుండానే దీపం పెట్టాలి. దీపం కింద నల్లదారమూ ముదురు నీలం దారమూ ఒకటే అనిపిస్తాయి. సూర్యనారాయణ స్వామి గుడి ఉన్న ఊళ్లో ఉండి కూడా నాకు రిటైరయ్యేదాకా పొద్దున్న వెలుతురు విలువ తెలీలేదు. పనిని గడియారానికి కట్టకు, వెలుతురికి కట్టు. కత్తెరా దారం ఎంపికా పగలు. హెమ్మింగు, హుక్సు, కబుర్లు సాయంత్రం.

కబుర్లంటే గుర్తొచ్చింది. నువ్వు భయపడేది నిజమే, అవి కట్ చెయ్యక్కర్లేదు. వాటికీ ఒక వేళ పెట్టు. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా తలుపు తెరిచి ఉంటుందని బోర్డు రాసి పెట్టు. చేతిలో హెమ్మింగు పెట్టుకుని వాళ్ల కోడళ్ల గురించి ఎంతసేపైనా విను.


మిషనప్ప (పార్వతీపురం)
సెప్టెంబరు 15, మధ్యాహ్నం 1:15

టీచరమ్మగారూ, మీ కాళ్లకి దణ్ణం. నేను ఇరవై రెండేళ్లలో మా ఆయన్ని నీళ్లు పట్టమని అడగలేదు. ఇవాళ అడుగుతాను.


సూదీదారం (విజయనగరం)
అక్టోబరు 14, రాత్రి 9:20

ఏమయిందో చెప్పలేదని గార్డుగారు మెసేజీ పెట్టారు. ఇవాళ్టికి తీరింది.

ముందుగా అత్తమ్మ సంగతి. భయపడుతూ అడిగాను. "ఏటే, నన్ను కూలికి పెట్టుకుంటావేటి?" అని గయ్యిమంది. మర్నాడు పొద్దున్న కళ్లజోడు తుడుచుకుని "ఏదీ, ఒకటి ఇలాగ పడెయ్యి" అంది. మొదటి రెండిటికీ హుక్కు ఒకవైపు, కాజా ఒకవైపు. విప్పాను, ఏమీ అనలేదు. మూడోదాని నుంచి నాకంటే దగ్గర కుట్టు. జాకెట్టుకి ఇరవై అన్నాను, "బయట పాతికట కదా" అంది. పాతికే ఇస్తున్నా. ఆ డబ్బులు ఎక్కడ దాస్తోందో తెలీదు. సిరిమాను రోజు పాపకి గాజులూ బొమ్మా కొనిపెట్టింది, నన్నడక్కుండా. ఆ ఒక్క పనీ నా చేతిలోంచి పోయేసరికి 31 జాకెట్ల మీద పదమూడు గంటలు మిగిలాయి.

నీళ్లు మా ఆయన పడుతున్నారు. వారానికి నాలుగు రోజులు. మిగతా మూడు రోజులు ఆయన లేవరు. అంతవరకే.

పుస్తకం పెట్టాను. మొదటి రోజే ఒకావిడ దాన్ని చూసి "ఇదేటమ్మా, డాక్టరుగారి దగ్గర టోకెన్లా?" అని లేచి వెళ్లిపోయింది. వీధి మొదటి ఆవిడ దగ్గరికే వెళ్లింది. రెండు రోజులు నిద్ర పట్టలేదు. సెప్టెంబరు 20 నాటికి దసరా పేజీలు నిండిపోయాయి. ఆ తర్వాత వచ్చిన ఎనిమిది మందికి "సిరిమాను తర్వాతే" అన్నాను. అయిదుగురు ఇచ్చి వెళ్లారు, ముగ్గురు వెళ్లిపోయారు. బాబాయ్ చెప్పిన లెక్కకంటే ఎక్కువే పోయారు, రేటు పెంచకుండానే.

దసరా నాడు గాలీవానా, కరెంటు పోయి సాయంత్రానికి గానీ రాలేదు. పాత నేనైతే ఆ రోజుకి నాలుగు పెట్టుకుని ఉండేదాన్ని. ఈసారి పేజీ ఖాళీ. కిటికీ దగ్గర కూచుని ఇద్దరం హెమ్మింగు చేసుకున్నాం. తర్వాతి రెండు రోజుల్లో సిరిమానువి పూర్తి చేశాను. తొలేళ్ల రోజు, అంటే సిరిమానుకి ముందురోజు సోమవారం, మధ్యాహ్నానికి చివరి సంచి ఇచ్చేశాను. తొమ్మిదేళ్లలో తొలేళ్లకి అమ్మవారి ఘటాలు చూడటానికి మూడు లాంతర్ల దగ్గరికి వెళ్లడం ఇదే మొదటిసారి. ఎప్పుడూ ఆ రాత్రి మిషను చప్పుడులోనే డప్పులు వినేదాన్ని.

అన్నీ బాగా జరిగాయని అనుకోకండి. మా ఆడపడుచువి రెండు జాకెట్లు ఆలస్యమయ్యాయి. పుస్తకంలో రాయలేదు, మనింటివే కదా ఎప్పుడో మధ్యలో కుట్టేద్దాం అనుకున్నా. మధ్యలో అనే పేజీ ఏదీ లేదు. ఆవిడ అయినవాళ్లకి ఆకుల్లో, కానివాళ్లకి కంచాల్లో అని రెండు రోజులు దెప్పింది. అందులో తప్పేం లేదు. నాకు నేను కుట్టుకుందామని కొన్న పసుపు గుడ్డ కూడా లైనింగు తడిపి ఆరేసిన దగ్గరే ఉంది. సిరిమానుకి పోయినేటిదే వేసుకున్నా. రాత్రి తొమ్మిది దాటాక కుట్టకూడదని అనుకున్నాను, అదీ మూడు రోజులు తప్పాను. బోర్డు రాసింది మా పాప, నాలుగు నుంచి ఆరు అని. పక్కింటి వదిన దాన్ని చదివి, "నాక్కూడానా?" అని అడిగి, పదకొండింటికే వచ్చి కూచుంటోంది. ఆవిణ్ణి ఏటి చెయ్యాలో మీలో ఎవరైనా చెప్పండి.

పుస్తకంలో మార్గశిరం పేజీలు గీస్తున్నాను ఇప్పుడు. పంచాంగం అత్తమ్మే చదివి చెప్తోంది.

ఇంకొక చిత్రం చెప్పి ఆపుతాను. మూడో తేదీకే కుట్టి, ఇస్త్రీ చేసి మేకుకి తగిలించిన జాకెట్టు ఒకటి ఇంకా ఇక్కడే ఉంది. ఆవిడ నాకు నేను లెక్క రాసిన ఆ నాలుగు రోజుల్లో ఏడుసార్లు "అయిందా" అని ఫోను చేసినావిడే, పుస్తకంలో రాసి ఉంది. ఇవాళ సాయంత్రం ఆరింటికి బియ్యం డబ్బా మీంచి ఫోను తీసి నేనే చేశాను. "మీ జాకెట్టు అయి పదకొండు రోజులయిందమ్మా, ఎప్పుడొస్తారు?" అన్నాను.

"అయ్యో మర్చేపోయానమ్మా. రేపొచ్చి పట్టుకెళ్తాను" అంది.